మందు లేని వైద్యుడు - మెస్మరు

మనోవ్యాధికి మందు లేదని పెద్దలందురు. మనస్సు కలతపడినచో శరీరము కుంగునను మాట ప్రతి గృహమునందును అనుభవమున నున్నదే. దుర్వార్త చెవిని పడగానే నిలువున కూలినవారును, బెదరి జ్వరము తెచ్చుకొన్న పసివారును లేని యూరు లేదు. కాని శరీరమును కుంగదీయగల మనస్సునకు దానిని తిరిగి నిలబెట్టు శక్తియు గలదా? కలదేని, ఆ శక్తి యుండునది రోగి మనస్సులోనా, వైద్యుని హస్తములోనా? పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ ప్రశ్న యూరపునందలి రాజాస్థానములను, విజ్ఞాన పరిషత్తులను, సామాన్యుల యిండ్లను ఏకముగా కలచివైచెను. అందులకు కారకుడు ఫ్రాంజ్ ఆంటన్ మెస్మరు. మెస్మరిజమను పదము ఆతని పేరునుండి పుట్టినదే. ఇంద్రజాల ప్రదర్శనముల మూలమున ఆ పదము తెలుగువారికిని సుపరిచితమయ్యెను. దాని వెనుకనున్న మనుష్యుని చరిత్ర మాత్రము అంతగా ప్రచారములోనికి రాలేదు.

మెస్మరు 1734వ సంవత్సరము మే 23వ తేదీన జర్మను దేశపు దక్షిణ భాగమున, కాన్‌స్టన్స్ సరస్సు తీరమునందలి ఇజ్నాంగ్ అను పల్లెలో జన్మించెను. తండ్రి కాన్‌స్టన్స్ బిషప్పుగారి కొలువులో అడవులను కాచు చిన్న యుద్యోగి. కుమారుడు డిల్లింగెన్, ఇంగోల్‌స్టాట్ విద్యాపీఠములలో జెసూట్ గురువుల కడ చదివి, 1759లో వియన్నా నగరము చేరి, కొంతకాలమునకు వైద్యవిద్య నభ్యసించెను. 1766లో ఆతడు పట్టమునకై సమర్పించిన వ్యాసము మానవ శరీరముపై గ్రహముల ప్రభావమును గూర్చినది. జ్యోతిష్యమును సమర్థించుట ఆతని యుద్దేశము కాదు. న్యూటను ప్రతిపాదించిన ఆకర్షణ సిద్ధాంతమే ఆతనికాధారము. చంద్రుని ఆకర్షణచే సముద్రమునకు పోటుపాట్లు గలుగునట్లే, మనుష్య శరీరములోని సూక్ష్మ ద్రవ్యమునకును పోటుపాట్లుండునని ఆతని వాదము. ఆ వ్యాసములో చాల భాగము రిచర్డ్ మీడ్ అను ఆంగ్ల వైద్యుని గ్రంథమునుండి గ్రహింపబడినదని తరువాతి పరిశోధకులు నిరూపించిరి. అయినను ఆ సూక్ష్మ ద్రవ్యపు భావన మెస్మరును జీవితాంతము విడువలేదు.

1768లో ఆతడు ధనవంతురాలగు ఒక వితంతువును వివాహమాడెను. వియన్నాలో విశాలమైన ఉద్యానవనముతో కూడిన భవనము, దాని నిండ సంగీతము, విందులు, గొప్పవారి స్నేహము లభించెను. బాలుడైన మొజార్టును, ఆతని తండ్రియు ఆ యింటికి వచ్చుచు పోవుచుండిరి. మెస్మరునకు గాజు గిన్నెల వాద్యముపై మిక్కిలి మక్కువ. తడివ్రేళ్ళతో తాకినంతనే మ్రోగు ఆ వాద్యమునకు 1761లో రూపము కల్పించినవాడు అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిను. ఆ వాద్యమును చేసినవాడే రెండు దశాబ్దములు గడచిన పిమ్మట తన భవితవ్యమును తేల్చు న్యాయాధిపతి యగునని మెస్మరు అప్పుడెరుగడు.

1774లో ఓస్టర్లిన్ అను యువతి చికిత్సకై ఆతని కడకు వచ్చెను. మూర్ఛలు, వాంతులు, తలపోటు, పంటిపోటు, మతిభ్రమణము ఆమెను విడువక బాధించుచుండెను. పరిచితములైన మందులేవియు పని చేయలేదు. ఆ దినములలో మాక్సిమిలియన్ హెల్ అను ఖగోళ శాస్త్రవేత్త వియన్నాలో అయస్కాంతములను తయారు చేయించి కొందరి వేదనలను తగ్గించుచుండెను. మెస్మరు ఆతని కడనుండి అయస్కాంతములను తెప్పించి, ఇనుము కలిపిన ద్రవమును రోగిచే త్రాగించి, ఆమె దేహమున మూడు తావుల వానిని కట్టెను. ఏదో ప్రవాహము తన శరీరమున క్రిందికి దిగుచున్నట్లు ఆమె చెప్పెను. కొన్ని గంటలసేపు బాధ లణగెను. ప్రయోగమును మరల మరల చేయగా ఆమెకు స్వస్థత చేకూరెను.

ఇక్కడ మెస్మరు బుద్ధి రెండడుగులు వేసెను. అయస్కాంతములను తీసివేసి చేతులతో తాకినను, దూరమునుండి చేయి చాచినను ఫలము కలుగుచున్నందున, ఇనుములో మహిమ లేదని ఆతడు గ్రహించెను. ఈ మొదటి యడుగు సరియైనదే. ఇనుములో లేని మహిమ తన దేహములో నున్నదని ఆతడు రెండవ యడుగు వేసెను. విశ్వమంతయు వ్యాపించిన సూక్ష్మ ద్రవ్యమొకటి గలదు. దాని ప్రవాహమునకు శరీరమున అడ్డు గలిగినప్పుడు రోగము పుట్టును. తన వంటివాడు ఆ యడ్డును తొలగించి ప్రవాహమును చక్కబరచగలడు. ఇదియే ఆతడు జీవాయస్కాంతమని పేరిడిన సిద్ధాంతము. రోగి యొక్క నమ్మకము, నిరీక్షణ, వైద్యునియందలి భక్తి ఆతని లెక్కలోనికి రానేలేదు.

మరుసటి సంవత్సరమే ఆతని కొక అవకాశము వచ్చెను. గాస్నర్ అను మతాచార్యుడు దయ్యములను వెడలగొట్టి రోగములను మాన్పుచున్నాడని దక్షిణ జర్మనీ యంతట పెద్ద కలకలము రేగెను. బవేరియా రాజ్యమువారు మెస్మరు నభిప్రాయమడిగిరి. ఆతడు మ్యూనిక్ నగరమునకు పోయి, దయ్యముల పేరెత్తకయే రోగులలో అట్టి మూర్ఛలను తెప్పించి, మరల శాంతింపజేసి చూపెను. గాస్నర్ మోసగాడు కాడనియు, తనకు తెలియకయే జీవాయస్కాంతమును ప్రయోగించుచున్నాడనియు తీర్పు చెప్పెను. విజ్ఞాన పరిషత్తు ఆతనిని సభ్యునిగా చేర్చుకొనెను. దయ్యమునకు బదులుగా ఆతడు నిలిపినది కంటికి కానరాని మరియొక వస్తువేనని ఆనాడెవరికిని తోచలేదు.

వియన్నాలో ఆతని యదృష్టము తిరుగబడుటకు కారణము మరియా థెరీసియా ఫాన్ పారడిస్ అను పదునెనిమిదేండ్ల బాలిక. రాజోద్యోగి కుమార్తె, పసితనముననే చూపు పోయినది, పియానో వాద్యమున అసమాన నైపుణ్యము గలది, అందులకు మెచ్చి మహారాణి భృతి నిచ్చుచుండెను. ఆస్థాన వైద్యులు సంవత్సరముల తరబడి జలగలు పట్టించి, పట్లు వేసి, విద్యుదాఘాతము లిచ్చి ఆమెను హింసించియుండిరి. 1777లో మెస్మరు ఆమెను తన యింట నుంచుకొని చికిత్స నారంభించెను. కొన్ని వారములలో ఆమెకు వెలుగు నీడలు, ఆపైని ఆకారములు తెలియసాగెనని ఆతడును, మొదట ఆమె తండ్రియు ప్రకటించిరి. మనుష్యుల ముక్కులను చూచి ఆమె జడిసెననియు, మనుష్యుని మొగముకంటె కుక్క మొగమే ఆమెకు నచ్చెననియు వారు వ్రాసిరి. కాని చూపు వచ్చుచున్నకొలది ఆమె వ్రేళ్ళు తడబడసాగెను. కన్నులు మూసి వాయించిన నేర్పు కన్నులు తెరచిన పిమ్మట నిలువలేదు. ఇతర వైద్యులు పరీక్షించి, వస్తువుల పేర్లు చెప్పలేకున్నది గావున ఆమెకు చూపు లేదనిరి. తల్లిదండ్రులు వచ్చి బిడ్డను తమకప్పగింపుమని పట్టుబట్టిరి. మెస్మరు వ్రాతలను బట్టి చూడగా, తల్లి ఆ బాలికను గోడకేసి కొట్టెను. తండ్రి కత్తి దూసెను. తుదకు ఆమె యింటికి పోయెను. అంధత్వము స్థిరపడెను. ఆ యేడే మెస్మరు భార్యను వియన్నాలో విడిచి వెడలిపోయెను.

1778 ఫిబ్రవరిలో ఆతడు పారిస్ చేరెను. కొలది కాలములోనే ఆ మహానగరము ఆతని వాకిట నిలిచెను. రోగుల సంఖ్య పెరిగి ఒక్కొక్కరిని తాకుటకు వీలుగాకపోగా, ఆతడొక పెద్ద కొయ్య తొట్టిని చేయించెను. అందులో నీరు, ఇనుప రజను, గాజుపొడి, వరుసగా పేర్చిన సీసాలు ఉండెను. మూతనుండి ఇనుప కడ్డీలు వంగి వెలుపలికి వచ్చుచుండెను. రోగులు చుట్టును కూర్చుండి ఆ కడ్డీలను నొప్పిగల తావునకు ఆనించుకొనుచుండిరి. ఒక త్రాడు వారినందరిని చుట్టి కలుపుచుండెను. గదిలో మసక చీకటి, దట్టమైన తెరలు, నిశ్శబ్దము, నడుమ గాజు వాద్యపు నాదము. ఊదా వన్నె పట్టు అంగీ ధరించి మెస్మరు వారి నడుమ నెమ్మదిగా నడచుచు, చేతితోనో ఇనుప కడ్డీతోనో తాకుచుండెను. కొంతసేపటి కొకరికి వణకు పుట్టును, చూచి మరియొకరు కేకవేయుదురు, వేరొకరు పకపక నవ్వుదురు, ఇంకొకరు మూర్ఛిల్లుదురు. ఈ యావేశమే రోగవిముక్తికి ద్వారమని ఆతని సిద్ధాంతము. అట్టివారికై గోడలకు మెత్తలు పొదిగిన గది వేరుగ నుండెను.

ఆ జనమును కేవలము మూఢులని కొట్టివేయుట న్యాయము గాదు. నాటి వైద్యమనగా నెత్తురు తీయుట, విరేచనములు చేయించుట, తీవ్రౌషధములు మ్రింగించుట. మెస్మరు కడ అవి లేవు. శరీరమును పీడింపక విడిచినంత మాత్రముననే కోలుకొనువారు అనేకులుందురు. ఫ్రాంక్లినే 1784లో ఒక మిత్రునకు వ్రాసిన లేఖలో, ఈ భ్రమ నిలిచినంతకాలము మందులకు బలియగువారు కొందరైన తప్పించుకొందురని సూచించెను.

మెస్మరు కోరినది ధనము మాత్రమే కాదు, శాస్త్రజ్ఞుల గౌరవము. 1779లో ఇరువదియేడు సూత్రములతో తన సిద్ధాంతమును ప్రకటించెను. విజ్ఞాన పరిషత్తు గాని, వైద్యుల సంఘము గాని అంగీకరింపలేదు. రాజసోదరుని వైద్యుడగు దెస్లాను మాత్రము ఆతని పక్షము వహించి, అందులకు తన సంఘమువారి యాగ్రహమునకు గురియయ్యెను. 1781లో రాణి మేరీ ఆంటొనెట్ పక్షమున ప్రభుత్వము జీవితాంతము సాలునకు ఇరువదివేల లీవ్రుల భృతియు, చికిత్సాలయమునకు మరి పదివేలును ఇవ్వజూపెను. మెస్మరు నిరాకరించి, భూమితో కూడిన భవనమును కోరి, రాణికి బహిరంగ లేఖ వ్రాసెను. 1783లో బెర్గాస్ అను న్యాయవాదియు, కార్న్‌మాన్ అను శ్రేష్ఠియు ఆతనికై సమరసతా సంఘమను పేర నొక సమాజము స్థాపించిరి. నూరు లూయీలు చెల్లించి, రహస్యమును కాపాడుదుమని వ్రాసి యిచ్చినవారికే ఆతడు విద్య నేర్పును. అమెరికా స్వాతంత్ర్య సమరమున పేరొందిన లఫయెట్ అందు చేరి, జార్జి వాషింగ్టనునకు ఆ సంగతి నుత్సాహముతో తెలియజేసెను. మానవులందరి మేలుకొరకని ప్రకటింపబడిన రహస్యము ఈ విధముగా వెలకట్టి యమ్మబడెను.

1784 మార్చిలో పదునారవ లూయీ రాజు విచారణ సంఘమును నియమించెను. అందు రసాయన శాస్త్ర ప్రవర్తకుడు లవోయిజర్, ఖగోళజ్ఞుడు బెయిలీ, వైద్యుడు గిలొటిన్ మొదలగువారుండిరి. డెబ్బదియెనిమిదేండ్ల ఫ్రాంక్లిను అమెరికా రాయబారిగా పారిస్ చెంత పాసీయందు నివసించుచు ఆ సంఘమునకు పెద్దగా నుండెను. బెయిలీ తెలుగువారికిని కొంత సంబంధము కలవాడు. ఫ్రెంచి మిషనరీలు దక్షిణ భారతమునుండి పంపిన జ్యోతిర్గణిత పట్టికలను, నరసాపురము పేర నున్నదానితో సహా, పరిశీలించి 1787లో భారతీయ ఖగోళ శాస్త్రముపై గ్రంథము వెలువరించినవాడు.

మెస్మరు విచారణకు సహకరింపలేదు, దెస్లాను అంగీకరించెను. సంఘమువారు మొదట తొట్టిని పరీక్షించి, అందు విద్యుత్తు గాని అయస్కాంత శక్తి గాని లేదని తేల్చిరి. తామే తొట్టి చుట్టును కూర్చుండి చికిత్స పొందిరి. వారి కేమియు తోచలేదు. అటుపిమ్మట వారు చేసిన ప్రయోగములు వైద్యశాస్త్ర చరిత్రయందు చిరస్మరణీయములు. ఫ్రాంక్లిను తోటలో దెస్లాను ఒక చెట్టునకు తన శక్తిని పట్టించెను. పండ్రెండేండ్ల బాలుని కన్నులకు గంతలు కట్టి వేరు చెట్లకడకు నడిపించిరి. చెట్టు చెట్టునకు వానికి చెమట, దగ్గు, తలదిమ్ము హెచ్చి, నాల్గవ చెట్టు కడ మూర్ఛ వచ్చెను. శక్తి పట్టించిన చెట్టు అక్కడికి ఇరువదినాలుగు అడుగుల దూరమున నుండెను! ఒక స్త్రీకి వరుసగా మామూలు నీటి గిన్నెల నందీయగా నాల్గవదాని కామె ఆవేశము పొందెను. ఆపైని శక్తి పట్టించిన నీటినే యిచ్చిరి. అది మామూలు నీరనుకొని త్రాగి ఆమె శాంతించెను. మరియొక స్త్రీకి తెలియకుండ కాగితపు తలుపు వెనుకనుండి అరగంట సేపు ప్రయోగము చేసిరి. ఆమె హాయిగా ముచ్చటలాడుచుండెను. అదే పని ఎదుట నిలిచి చేయగా కొన్ని నిమిషములలో మూర్ఛిల్లెను.

1784 ఆగస్టులో నివేదిక వెలువడెను. ఊహాశక్తి యున్నచోట జీవాయస్కాంతము లేకున్నను ఫలము కలుగుచున్నది. ఊహాశక్తి లేనిచోట జీవాయస్కాంతము ప్రయోగించినను ఫలము లేదు. కావున ఆ ద్రవ్యము లేదని సంఘము తీర్మానించెను. వేల ప్రతులు ముద్రింపబడి దేశమంతట వ్యాపించెను. అప్పుడు దెస్లాను ఒక మాట లేవనెత్తెను. ఊహాశక్తియే రోగమును మాన్పుచున్నచో, ఆ వైద్యమునే యేల చేయరాదు? ఆ ప్రశ్నకు సంఘమువారు బదులీయలేదు. వైద్య సమాజము నియమించిన రెండవ సంఘమున సభ్యుడగు వృక్షశాస్త్రజ్ఞుడు జుసియూ మాత్రము తోడివారితో ఏకీభవింపక, కొన్ని ఫలితములు ఇంకను విచారింపదగినవని వేరుగ నివేదిక వ్రాసెను. ఆతని మాటను వినినవారు లేరు.

ఆ యేడే పారడిస్ పారిస్ నగరమునకు వచ్చి కచేరీలు చేసెను. మెస్మరు చూపునిచ్చితినని చెప్పుకొన్న ఆ వనిత, అంధురాలుగనే వేదిక నెక్కి జనుల జేజేలందుకొనెను. నాటకములందును వ్యంగ్యచిత్రములందును మెస్మరు నవ్వులపాలయ్యెను. మొజార్టు సైతము 1790లో తన సంగీత నాటకమున నొకదాన ఆతని అయస్కాంతమును పరిహాసపాత్రముగా చేసెను. శిష్యులు విద్యను బహిరంగపరుపగోరగా ఆతడంగీకరింపనందున, 1785లో బెర్గాస్ మున్నగువారు విడిపోయిరి. ఇదే కాలమున ప్యూసెగూర్ అను మరియొక శిష్యుడు తన గ్రామమున నొక సేద్యగానికి చికిత్స చేయుచుండగా, అతడు మూర్ఛపోవక నిద్రవంటి స్థితిలోనికి పోయి, మాటలాడుచు, చెప్పినట్లు వినుచుండెను. అసలు రహస్యమునకు దారి అక్కడ తెరచుకొనెను. గురువు దానిని ముఖ్యముగా నెంచలేదు.

విప్లవము వచ్చినది. మెస్మరును విచారించిన బెయిలీ 1793లోను, లవోయిజర్ 1794లోను వధింపబడిరి. వారి శిరస్సులను ఖండించిన యంత్రము వారి తోడి సభ్యుడగు గిలొటిన్ పేరనే ప్రసిద్ధి కెక్కినది. మెస్మరు 1793లో వియన్నా కేగగా, విప్లవకారుడను అనుమానముచే అక్కడినుండి వెడలగొట్టబడెను. తుదకు స్విట్జర్లండునందలి ఫ్రాఅన్‌ఫెల్డ్ అను చిన్న పట్టణమున స్థిరపడి, పేదలకు ఉచితముగా చికిత్స చేయుచు, గాజు వాద్యమును వాయించుకొనుచు కాలము గడపెను. లోకమాతని మరచెను. 1812లో బెర్లిను నుండి వోల్ఫార్ట్ అను వైద్యుడు వెదకికొనుచు వచ్చి ఆతని బోధనలను సేకరించి 1814లో ప్రకటించెను. మరుసటి సంవత్సరము మార్చి 5వ తేదీన, తాను పుట్టిన సరస్సు తీరముననే మీర్స్‌బర్గ్ పట్టణమున, ఎనుబదియొకటవ యేట మెస్మరు మరణించెను.

ఆతడు పోయినను ఆతడు లేపిన ప్రశ్న పోలేదు. 1841లో మాంచెస్టరు నగరమున జేమ్స్ బ్రెయిడ్ అను శస్త్రవైద్యుడు మెస్మరిజపు ప్రదర్శనమును చూచి, ద్రవ్యమును త్రోసివైచి, చిత్తైకాగ్రత వలన కలుగు స్థితిగా దానిని వివరించి, హిప్నాటిజమను పేరునకు ప్రాచుర్యము కల్పించెను. 1845లో వంగ దేశమునందలి హుగ్లీలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఎస్డెయిల్, వరిబీజముతో బాధపడుచున్న యొక ఖైదీని ఆ నిద్రలో ముంచి శస్త్రచికిత్స చేసెను. మత్తుమందులు ఇంకను వాడుకలోనికి రాని దినములవి. పెద్ద పెద్ద కంతులను సైతము ఆతడు ఈ పద్ధతిని తొలగించెను. గంటల తరబడి రోగులను నిమిరి నిద్రపుచ్చినవారు భారతీయులైన సహాయకులు. 1846లో కలకత్తాలో ప్రత్యేకముగా ఆసుపత్రి వెలసెను. ఈథరు, క్లోరోఫారము వచ్చిన పిదప ఆ పద్ధతి వెనుకబడిపోయెను. పారిస్‌లో షార్కో, నాన్సీలో బెర్న్‌హైం ఆ నిద్రను గూర్చి వాదోపవాదములు సలిపిరి. షార్కో కడ 1885లో చదువవచ్చిన యువకుడు సిగ్మండ్ ఫ్రాయిడ్.

ఫ్రాంక్లిను సంఘము కట్టిన గంతలు నేటి వైద్య పరిశోధనకు ఆధారములైనవి. మందును, మందువలె కనుపించు వట్టి బిళ్ళను, ఎవరికేది యిచ్చినది తెలియకుండ పంచి పోల్చి చూచుట నేడు సర్వసాధారణము. ఆ వట్టి బిళ్ళ వలన సైతము బాధ తగ్గువారు గలరని 1955లో అమెరికా వైద్యుడు బీచర్ ప్రముఖముగా చర్చించెను. 1978లో కాలిఫోర్నియాలో లెవీన్, గోర్డన్, ఫీల్డ్స్ అను మువ్వురు, పండ్లు తీయించుకొన్న రోగులపై పరిశోధన చేసిరి. నల్లమందు ప్రభావమును హరించు నాలొక్సోన్ అను ఔషధము, వట్టి బిళ్ళల వంటి వాని వలన కలుగు ఉపశమనమును సైతము హరించుచున్నట్లు వారికి కనుపించెను. నమ్మకము కలిగినప్పుడు మెదడు తనలోనే నొప్పినణచు ద్రవ్యమును ఉత్పత్తి చేయుచున్నదని దీని భావము. మెస్మరు విశ్వమంతట వెదకిన ద్రవ్యము ఒక విధముగా రోగి తలలోనే యున్నది. అది వైద్యుని చేతినుండి ప్రవహించునది కాదు. వైద్యుని మాటకు, స్పర్శకు, ఆదరమునకు రోగిలో మేల్కొనునది.

ఈ శక్తికి హద్దులును గలవు. నొప్పి, వికారము, నిద్రలేమి, ఆందోళన వంటి వానిని అది తగ్గింపగలదు. కుళ్ళిన అవయవమును బాగుచేయజాలదు, పుండును పెంచు క్రిమిని చంపజాలదు. నమ్మకమే చాలునని నిజమైన చికిత్సను మానుకొన్నవారికి ముప్పు తప్పదు. నమ్మకముతో పని లేదని రోగిని యంత్రమువలె చూచు వైద్యుడును తన చేతిలోని యొక సాధనమును పారవేసికొన్నట్లే. మెస్మరు కనుగొన్న ఫలితములు చాలవరకు నిజములు. వానికాతడు చెప్పిన కారణము మిథ్య. ఆ మిథ్యను త్రోసివైచు తొందరలో పండితులు ఫలితములనుగూడ త్రోసివైచిరి. ఆ పొరపాటును దిద్దుకొనుటకు శతాబ్దమునకు పైగా పట్టెను.

ఇరువైపులవారి వాదములకును ఎరయైనది పారడిస్. ఆమె మెస్మరును గాని, తన తల్లిదండ్రులను గాని, ఆస్థాన వైద్యులను గాని తలచుచు కూర్చుండలేదు. యూరపు రాజధానులందు కచేరీలు చేసి, గీతములను, నాటకములను రచించి, 1808లో వియన్నాలో సంగీత పాఠశాలను నెలకొల్పి, 1824లో మరణించువరకు చదువు చెప్పుచునే యుండెను. ఆమెకు చూపునీయగలవారు ఆ కాలమున లేరు. చూపు లేకయే ఆమె తన బ్రతుకును తీర్చిదిద్దుకొనెను.